పెడచెవి

రికార్డుల గది,
నగర గ్రంథాలయం, రెండో అంతస్తు,
సోమవారం మధ్యాహ్నం.

అన్నయ్యా,

ఈ ఉత్తరం నిలబడి చదువుతుంటే కూర్చో. కూర్చునే ఉంటే కుర్చీ గట్టిగా పట్టుకో. మనవాళ్ళ మొదటి రికార్డు "ఇనుప వాన" కాదు. దానికి రెండేళ్ళ ముందు ఇంకొకటి వచ్చింది. అది ఇప్పుడు నా బల్ల మీద, నా మోచేతికి జానెడు దూరంలో ఉంది.

నమ్మవని తెలుసు, నేనూ నమ్మలేదు. ఊరూవాడా ఆ రాక్ బ్యాండుని దాని పేరుతో పిలుస్తుంటే మనిద్దరం మాత్రం సొంత చుట్టాల్లా "మనవాళ్ళు" అనేవాళ్ళం కదా. రేపు మనవాళ్ళు వస్తున్నారని రేడియో కార్యక్రమం గురించి నువ్వంటే, అమ్మ సగం విని మేనత్తావాళ్ళు వస్తున్నారనుకుని పరుపులు ఎండేసింది, గుర్తుందా? పొడుగు గిటారాయన ఏ పాటలో తీగ తెంచుకున్నాడో కూడా తెలిసిన మనకి, వాళ్ళకి ఇంకో రికార్డు ఉందన్న సంగతే తెలియదు. ఇద్దరం సిగ్గుతో తల దించుకోవాలి.

అసలేం జరిగిందంటే, మూతపడిన హోటలొకటి తమ డాన్సు హాల్లోని పాత రికార్డులు నాలుగు పెట్టెల నిండా మాకు ఇచ్చేసింది. ఒక్కోటి తుడిచి, రెండు వైపులా పూర్తిగా విని, కార్డు రాయడం నా పని. పేరు, పాడినవాళ్ళు, వాయించినవాళ్ళు, నిడివి, గీతలు ఎక్కడున్నాయి, ఇవన్నీ. మూడో పెట్టె అడుగున చెమ్మకి ఉబ్బిపోయిన అట్ట ఒకటి దొరికింది. పైన "అద్దె గది" అని ఉంది. బ్యాండు పేరు నేనెప్పుడూ విననిది. పక్కన పడేయబోతూ ఫోటో చూశాను.

ఇనుప మెట్ల మీద అయిదుగురు కుర్రాళ్ళు. మధ్యలో ఉన్నది మన బొంగురు గొంతాయన. తల నిండా జుట్టుంది, పాపం. ఆయన వెనక పొడుగాయన. కీబోర్డాయన్నీ, ఇంకో గిటారాయన్నీ కూడా గుర్తుపట్టాను. అయిదోవాణ్ణే పోల్చలేకపోయాను. అందరూ కెమెరాకేసి చూస్తుంటే ఆయనొక్కడూ మొహం పక్కకి తిప్పుకున్నాడు. మన గుండు డ్రమ్మరు మాత్రం కాదు, ఆయన ముక్కు ఎక్కడున్నా తెలిసిపోతుంది.

అట్ట వెనక నలుగురి పేర్లూ సరిగ్గానే అచ్చయ్యాయి. అయిదో వరసలో మాత్రం "డ్రమ్స్: ఊఁ" అని ఉంది. అంతే, ఇంకేం లేదు. మా సూపర్‌వైజర్ మేడం కళ్ళజోడు పైకి నెట్టుకుని చూసి, అచ్చుతప్పు అయ్యుంటుంది, కార్డులో ఆ గడి ఖాళీగా వదిలెయ్యమంది.

ఇంకా వినలేదు. మిషన్‌కి కొత్త సూది రావాలి. విన్నాక రాద్దామనుకున్నాను గానీ అంతవరకు ఆగడం నా వల్ల కాలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నువ్వు వెళ్ళినప్పట్నించీ ఆ బ్యాండు పేరెత్తితే అమ్మ వంటగదిలోకి వెళ్ళిపోతుంది, నాన్న కొట్లోకి వెళ్ళిపోతాడు.

అమ్మ ఎప్పటిలాగే ఒక ముక్క రాయమంది. చలి ఎక్కువట, చెవుల్లో దూది పెట్టుకోమంది.

నీ చెల్లి


సీసాల కర్మాగారం క్వార్టర్లు,
పద్నాలుగో గది,
ఆదివారం.

చీటీల రాణీగారికి,

ఎవరో నిన్ను బాగా ఆటపట్టించారు. మనవాళ్ళ తొలి రికార్డు "ఇనుప వాన". ఆ విషయం వాళ్ళ నోటితో వాళ్ళే రేడియోలో చెప్పారు, నేను ఆ రోజు జ్వరంతో పడుకుని మరీ విన్నాను. నీ ఫోటోలో ఉన్నది వాళ్ళ పోలికలున్న ఇంకెవరో అయ్యుంటారు. జుట్టున్న బొంగురాయన అట. ఆయనకి జుట్టుండడం ఆయన తల్లి కూడా చూసి ఉండదు.

ఇలా రాస్తున్నానే గానీ, నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు షిఫ్టులు తిరిగాను. నా పని నీకు తెలుసుగా. చల్లారిన సీసాలు బెల్టు మీద వస్తుంటే సన్న కర్రతో ఒక్కోదాన్నీ తట్టి వినాలి. మంచి సీసా ఖంగుమంటుంది, బీట పడ్డది బొత్తుగా మోగదు. మొన్న పని మధ్యలో నీ "అద్దె గది" గుర్తొచ్చి, తట్టడం మానేసి తాళం వెయ్యడం మొదలుపెట్టాను. ఫోర్‌మన్ వచ్చి నా భుజం మీద తడితేగానీ తెలివి రాలేదు. కాబట్టి వెంటనే విని రాయి. ఏ వైపున ఎన్ని పాటలు, డ్రమ్స్ ఎలా ఉన్నాయి, గుండాయన కన్నా మేలా, అన్నీ కావాలి.

ఇంట్లో చెప్పలేదని రాశావు. చెప్పినా నాకేం. నా డ్రమ్స్‌ని నేను లేనప్పుడు తోపుడుబండి ఎక్కించి పంపేసిన మనిషి ఉన్న ఇల్లది. ఆ సాయంత్రం నువ్వు గుమ్మంలోనే ఉన్నావు, చూశావు. బతిమాలాను. ఎందుకు పంపేశావో ఒక్క ముక్క చెప్పు నాన్నా, అది విని వాయించడం మానేస్తాను అన్నాను. ఎదురుగా నిలబడి అడుగుతుంటే ఆయన చటుక్కున మొహం తిప్పుకుని గోడకేసి చూశాడు. నా మాట మొత్తం పెడచెవిన పెట్టాడు. చివరికి "న... న..." అన్నాడు. నా ఇంట్లో ఇవన్నీ కుదరవు అనబోతున్నాడని తెలియనంత వెర్రివాణ్ణి కాను. అది పూర్తిగా వినే ఓపిక లేక బయటికి వచ్చేశాను. పంతొమ్మిదేళ్ళు పెంచి ఒక్కసారి కూడా నన్ను "నువ్వు" అనలేదు. ఎప్పుడు చూసినా "అబ్బాయి వచ్చాడా, అబ్బాయి తిన్నాడా". ఎదురింటివాళ్ళ గురించి అడిగినట్టు.

అమ్మకి చెప్పు. ఇక్కడ చలి లేదు. కొలిమి పక్కన చొక్కా పిండితే చెమట కారుతుంది. ఏడేళ్ళుగా చెవుల్లో దూది, చెవుల్లో దూది అని ఒకటే గొడవ. మా బ్యాచ్‌లో ఎవడూ పెట్టుకోడు, పెట్టుకున్నవాణ్ణి ముసలమ్మ అంటారు.

అన్నయ్య


రికార్డుల గది,
బుధవారం.

అన్నయ్యా,

రాత సరిగ్గా లేకపోతే ఏమీ అనుకోకు. మేడం నాకు వేడివేడి కాఫీ తెచ్చిచ్చి, ఇంటికి వెళ్ళిపొమ్మంటోంది. ఇప్పుడు నేను వెళ్ళలేని చోటు ఏదన్నా ఉంటే అది ఇల్లే.

పొద్దున సూది వచ్చింది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కార్డు ముందు పెట్టుకుని, మొదటి వైపు వేశాను. కాసేపు చిటపటలు. తర్వాత ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు. ఆ పైన రెండు కర్రలు ఒకదానికొకటి తగులుతుంటే, వాటి వెంబడి ఒక మగ గొంతు తాపీగా లెక్కపెట్టింది.

"ఒకటి, రెండు, మూడు, ఊఁ."

నా చేతిలో కార్డుల డబ్బా జారి పడిపోయింది. నాలుగొందల కార్డులు గదంతా చెల్లాచెదురైనా నేను వంగలేదు. సూది వెనక్కి పెట్టాను. మళ్ళీ అదే. పదకొండుసార్లు విన్నాను. పన్నెండోసారి వేసేలోపు మేడం వచ్చి నా హెడ్‌ఫోన్లు తీసేసింది.

లోకంలో అలా లెక్కపెట్టే ఇల్లు ఒక్కటే ఉంది, అన్నయ్యా. బీరువా జరపాలన్నా, తడి దుప్పటి ఇద్దరు చెరో కొసా పట్టి పిండాలన్నా, నీ పన్ను దారం కట్టి లాగాలన్నా నాన్న లెక్క అదే. మూడు తర్వాత ఊఁ. అందరూ అలాగే అంటారనుకున్నాను నేను. ఒకటో తరగతిలో అంకెలు చెప్పమంటే గర్వంగా లేచి "మూడు, ఊఁ, అయిదు" అన్నాను, టీచరు నన్ను బెంచీ ఎక్కించింది. నువ్వు నీ క్లాసులోంచి తొంగిచూసి నవ్వావు. అంతకు మూడేళ్ళ ముందు నువ్వూ అలాగే బెంచీ ఎక్కావని అమ్మ తర్వాత చెప్పింది.

గొంతు కుర్రగొంతు. ఇప్పటి బరువు లేదు. కానీ ఆ "ఊఁ" దగ్గర చిన్నగా ముక్కుతో నవ్వినట్టు ఉంటుంది చూడు, అది నాన్నది. ఫోటో మళ్ళీ తీసి చూశాను. మొహం తిప్పుకున్నవాడి చెవి కింద పుట్టుమచ్చ ఉంది. నిన్నటిదాకా దాన్ని చెమ్మ మరక అనుకున్నాను.

డ్రమ్స్ ఎలా ఉన్నాయని అడిగావు. గుండాయన ఆయన ముందు బకెట్ కొట్టుకుంటున్నట్టే.

ఇంటికెళ్ళి ఆ మనిషి ఎదురుగా కూర్చుని అన్నం ఎలా తినాలో తెలియడం లేదు. కుట్టుమిషన్లు బాగుచేసుకునే మా నాన్న, పక్కింటి పెళ్ళిలో మైకు పెడితే లేచి వచ్చేసే మా నాన్న, మనవాళ్ళలో ఒకడు.

చెల్లి


సీసాల కర్మాగారం క్వార్టర్లు,
శుక్రవారం.

చెల్లీ,

కాదు.

ఈ ఒక్క ముక్క రాసి పంపేద్దామనుకున్నాను. లోకంలో ఊఁ అనేవాళ్ళు ఎందరో ఉంటారు. పుట్టుమచ్చలకీ కరువు లేదు. నీకు పాత రికార్డుల దుమ్ము నెత్తికెక్కింది.

రెండు రోజులు అలా అనుకున్నాను. మూడో రోజు బెల్టు దగ్గర సీసాలు తడుతూ తడుతూ నాకు తెలియకుండానే లెక్కపెట్టాను. మూడు తర్వాత నా నోట్లోంచి వచ్చింది ఊఁ. పక్కనున్నవాడు ఏంటి గురూ అన్నాడు. బెల్టు ఆపమని చెయ్యెత్తి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

నిజమే అనుకుందాం. అయితే అది ఇంకా ఘోరం. నేను మనవాళ్ళ బొమ్మలు గోడ నిండా అంటించుకుని, వాళ్ళ గురించి వాగుతూ, అట్టపెట్టెల మీద వాళ్ళ పాటలు వాయిస్తూ ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళు తిరిగాను. ఆ బొమ్మల్లోని ప్రతివాడూ ఆయన స్నేహితుడు. ఒక్క మాట చెప్పలేదు. గుమ్మంలో నిలబడి ఆ బొమ్మల్ని అలా చూసేవాడు, అసహ్యం కాబోలనుకునేవాణ్ణి. డ్రమ్స్ అంటే ఏమిటో తెలియనివాడు నా డ్రమ్స్ పంపేశాడంటే, సరే, తెలియక చేశాడనుకుని ఎప్పటికైనా క్షమించేవాణ్ణేమో. అన్నీ తెలిసినవాడు పంపేశాడా? అసూయా? తను వదులుకున్నది కొడుక్కి దక్కకూడదనా?

అమ్మని అడుగు. ఆయన్ని అడగొద్దు. అడిగినా దండగ, పెడచెవిన పెడతాడు.

అన్నయ్య


ఇంటి నుంచి,
కొట్టు వెనక గది,
ఆదివారం పొద్దున.

అన్నయ్యా,

అమ్మని అడిగాను. నాన్న విడిభాగాల కోసం బజారుకి వెళ్ళినప్పుడు, అమ్మ మిషన్ మీద దిండుగలీబు అంచు కుడుతుంటే, రికార్డు అట్ట తెచ్చి సూది పక్కన పెట్టాను. మిషన్ ఆగిపోయింది. అమ్మ అట్టని ముట్టుకోలేదు. దాని మీదికి వంగి చూసి "ఎక్కడ దొరికాడే వీడు నీకు?" అంది. ఫోటోలో కుర్రాణ్ణే అంది, రికార్డుని కాదు.

చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

నాన్నకి నత్తి ఉంది. న అనే అక్షరం మీద మాత్రమే. ఇరవైమూడేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియదు, పంతొమ్మిదేళ్ళు ఉండి నీకు తెలియదు. అంత ఒడుపుగా దాటేసేవాడు. నాలుగు అనలేక ఊఁ అంటాడు. ఎవరైనా నాలుగో నంబరు సూది అడిగితే "మూడు దాటిందేగా" అంటాడు. నీళ్ళు అడగడు, తాగడానికి ఇవ్వమంటాడు. నిద్రొస్తోంది అనడు, పడుకుంటానంటాడు. నువ్వు అనడం రాదు, అందుకే నిన్ను అబ్బాయి అన్నాడు, నన్ను అమ్మాయి అన్నాడు. ఇది విన్నాక నేను వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఎదురింటివాళ్ళ గురించి అడిగినట్టు అని రాశావు నువ్వు.

ఆ అయిదుగురూ ఒక రేకుల మేడ మీది గదిలో అద్దెకుండేవారట. రికార్డు పేరు అక్కణ్ణించే వచ్చింది. బడిలో నత్తి అని నవ్వించుకున్న నాన్న కర్రలు పట్టుకుంటే ఎక్కడా తడబడేవాడు కాదట. మిగతావాళ్ళు ఆయన్ని పేరుతో పిలవడం మానేసి ముద్దుగా ఊఁ అనేవారు. అది అచ్చుతప్పు కాదు. అట్ట మీద అలాగే వెయ్యమని బొంగురాయన పట్టుబట్టాడట.

ఆ గదిలో నాన్న కుడిపక్కన పెద్ద స్పీకరు, నెత్తిన రేకులు. రెండేళ్ళలో కుడి చెవిలో ఈల మొదలైంది. రోజంతా, ఆగకుండా. ఎవరికీ చెప్పలేదు. ఈల ఆగిపోయిన రోజు నయమైందనుకుని సంతోషపడ్డాడట. నయం కాలేదు, చెవే పోయింది. ఇంకా వాయిస్తే రెండోది కూడా పోతుందన్నాడు డాక్టరు. "ఇనుప వాన" రికార్డింగుకి పిలుపొచ్చిన వారంలోనే నాన్న కర్రలు బల్ల మీద పెట్టి కిందికి దిగి వచ్చేశాడు. గుండాయన ఎక్కాడు. మిగతాది మనకి కంఠతా వచ్చు.

నాన్న మిషన్ బాగుచేసేటప్పుడు అరచెయ్యి దాని మీద ఆనించి కళ్ళు మూసుకుంటాడు కదా, అదేదో పనివాడి దర్జా అనుకునేవాళ్ళం. సగం చప్పుడు ఆయన చేత్తో వింటాడు.

మనకి చెప్పొద్దని అమ్మ చేత మాట తీసుకున్నాడు. నాన్న మనవాళ్ళలో ఒకడని తెలిస్తే నిన్ను ఆపడం ఆ బ్రహ్మతరం కూడా కాదని భయం. నువ్వు అసహ్యం అనుకున్నావే, నువ్వు బయటికి వెళ్ళాక ఆయన నీ గదిలోకి వెళ్ళి ఊడిన బొమ్మలకి పిన్నులు నొక్కి వచ్చేవాడట.

నీకు కోపం రావాలంటే ఇంకా రావచ్చు. నాకు మాత్రం ఎవరి మీద కోపగించుకోవాలో తెలియడం లేదు.

చెల్లి


సీసాల కర్మాగారం క్వార్టర్లు,
మంగళవారం.

చెల్లీ,

నీ ఉత్తరం అందిన రోజు జరిగింది చెప్తాను, నవ్వకు.

మా ఫోర్‌మన్‌కి ముప్ఫయ్యేళ్ళ సర్వీసు. కొలిమి పక్క చెవి పూర్తిగా పోయింది. కొత్తలో నాకు ఆయనంటే మంట. ఏదన్నా చెప్తుంటే ఎదుటివాణ్ణి లెక్కచెయ్యనట్టు మొహం అటు తిప్పేస్తాడు. ఆరోజు సెలవు అడగడానికి వెళ్ళాను. నోరు తెరిచీ తెరవగానే ఆయన చటుక్కున మొహం గోడవైపు తిప్పి, "ఊఁ, ఇప్పుడు చెప్పు" అన్నాడు. అటు తిప్పితే ఆయన మంచి చెవి సరిగ్గా నా నోటికి ఎదురుగా వచ్చింది.

సెలవు సంగతి మరిచిపోయాను. చెల్లీ, నాన్న ఆ రోజు మొహం తిప్పుకోలేదు. చెవి ఇచ్చాడు. నేను అన్నది ఒక్క ముక్క కూడా పోకూడదని మంచి చెవి నా వైపు పెట్టాడు. ఏడేళ్ళుగా నేను కనపడ్డవాడికల్లా మా నాన్న నా మాట పెడచెవిన పెట్టాడని చెప్పుకు తిరుగుతున్నాను.

నీకు చెప్పకుండా దాచినవి రెండున్నాయి. రెండూ ఇప్పుడే రాసేస్తాను, రేపటికి ధైర్యం ఉండదు.

మొదటిది. మూడు నెలలుగా నా కుడి చెవిలో ఈల. షిఫ్టు అయిపోయినా ఆగదు. పోయిన నెల నేను మంచివని పంపిన వాటిలో బీట పడ్డ సీసాలు వచ్చాయి. చెవి పరీక్షకి పిలిస్తే దొంగ జ్వరం వంకతో ఎగ్గొట్టాను. ఉద్యోగం పోతుందని ఎవరితోనూ అనలేదు. నాన్న కూడా ఎవరికీ చెప్పలేదని రాశావు చూడు, ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను.

రెండోది ఇంకా పాడు పని. నేను వచ్చిన మొదటి ఏడాది నాన్న చేతిరాతతో ఒక ఉత్తరం వచ్చింది. విప్పలేదు. నేరుగా తీసుకెళ్ళి కొలిమిలో వేశాను. వేసి, చేతులు దులుపుకుని, గెలిచాననుకున్నాను.

అందులో ఏముందో ఆయన్ని అడుగు. ఆ రోజు న దగ్గర ఆగిపోయిన మాట ఏమిటో కూడా అడుగు. నేను అడగలేను, నాకు మొహం లేదు. కొలిమి సంగతి చెప్పాలో వద్దో నీ ఇష్టం.

అన్నయ్య


రికార్డుల గది,
శనివారం సాయంత్రం.

అన్నయ్యా,

ముందు నువ్వు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఈ ఉత్తరం మిగతాది తర్వాత చదివినా పర్వాలేదు.

ఈ మధ్యాహ్నం నాన్నని ఇక్కడికి తీసుకొచ్చాను. మా రికార్డు మిషన్ ఆగి ఆగి తిరుగుతోంది, ఒకసారి చూడమన్నాను. తన సంచీ తెచ్చుకున్నాడు, పాపం. ఆయన్ని కూర్చోబెట్టి "అద్దె గది" వేసేశాను. హెడ్‌ఫోన్లు కాదు, పెట్టె స్పీకరుకి.

కుర్చీ జరిగిన చప్పుడికే ఆయన మొహంలో రక్తం లేదు. నేను తప్పు చేశానేమోనని సూది ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత కుర్చీ ముందుకి లాక్కుని, ఎడమ చెవి అటు పెట్టి, అరచెయ్యి స్పీకరు పెట్టెకి ఆనించాడు. రెండు వైపులా అలాగే విన్నాడు. మూడో పాటలో ఒకచోట "ఇక్కడ తొందరపడ్డాను" అన్నాడు. మేడం గుమ్మం దగ్గరకి వచ్చి, చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

రికార్డు ఆగాక ఎడమపక్కకి వెళ్ళి కూర్చున్నాను. నువ్వు రాసినవన్నీ చెప్పాను. మొహం తిప్పడం, ఫోర్‌మన్, ఈల. ఈల అన్నప్పుడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కొలిమి సంగతి కూడా చెప్పేశాను, ఇంక ఈ ఇంట్లో దాపరికాలు చాలు. దానికి కోపం వస్తుందనుకున్నాను. తల ఊపాడంతే. జవాబు రాకపోయేసరికి అలాంటిదేదో జరిగుంటుందని అప్పుడే అనుకున్నాడట. తన చేతిరాత చూస్తే చింపేస్తావని మళ్ళీ రాయలేదట.

అందులో ఏం రాశావు, ఆ రోజు ఏం చెప్పబోయావు అని అడిగాను. రెండూ ఒకటే మాట అన్నాడు. చెప్పమన్నాను. ఎప్పటిలా దాటేసే దారి వెతుక్కుంటాడనుకున్నాను. వెతుక్కోలేదు. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని ఆ అక్షరం మీదికే వెళ్ళాడు. ఎంతసేపు పట్టిందో నేను చెప్పను. మెడ నరాలు బయటికొచ్చాయి. నేను సాయం చేయలేదు. ఆ మాట ఏమై ఉంటుందో అప్పటికే ఊహించాను, అయినా అందించలేదు. చివరికి వచ్చింది.

"న... న... నీ చెవులు పోతాయిరా, అబ్బాయ్."

నేను లేనట్టే చెప్పాడు. నువ్వు ఎదురుగా నిలబడి ఉన్నట్టే చెప్పాడు.

తర్వాత చెమట తుడుచుకుని, మామూలు గొంతుతో, "దూది పెట్టుకుంటున్నాడా మరి?" అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. ఆ దూది ముక్క అమ్మది కాదు, అన్నయ్యా. ఏడేళ్ళుగా అమ్మ రాసిన ఉత్తరాల చివరా, అమ్మ నా చేత ఒక ముక్క రాయించిన ఉత్తరాల చివరా, ఆ ఒక్క వాక్యం నాన్నది. చలి అన్నది అమ్మ కల్పించిన వంక. సీసాల కర్మాగారంలో చప్పుడెలా ఉంటుందో ఆయన ఎవరినో కనుక్కున్నాడట.

కార్డు పూర్తిచేశాను. డ్రమ్స్ అన్న గడిలో మొదట నాన్న పేరు రాశాను. ఆయన చూసి, కొట్టేసి, తన చేత్తో "ఊఁ" అని రాశాడు. మేడం ఇలాంటివి ఒప్పుకోదు. దీనికి మాత్రం ముద్ర వేసి లోపల పెట్టింది.

చెల్లి


సీసాల కర్మాగారం క్వార్టర్లు,
పద్నాలుగో గది,
గురువారం.

నాన్నా,

ఈ మాట రాసి ఏడేళ్ళయింది. రాశాక కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పరీక్ష చేయించుకున్నాను. కుడి చెవి కొంత పోయింది, పోయింది ఇక రాదట. ఎడమది గట్టిగా ఉంది, ఇప్పట్నించీ చప్పుడుకి దూరంగా ఉంటే అలాగే ఉంటుందన్నాడు డాక్టరు. ఫోర్‌మన్ తనే వెళ్ళి పైవాళ్ళతో మాట్లాడి నన్ను కొలిమి వైపు నుంచి గోదాముకి మార్పించాడు. అక్కడ అంత చప్పుడు లేకపోయినా దూది పెట్టుకునే తిరుగుతున్నాను. ముసలమ్మ అంటున్నారు, అననీ.

నీ ఉత్తరం కాల్చేశాను. దానికి క్షమించమని అడిగే మాటలు నాకింకా రావడం లేదు, వెతుక్కుంటున్నాను. నువ్వు ఆ అక్షరం దగ్గర ఎలా ఆగిపోతావో ఇప్పుడు కొంచెం తెలుస్తోంది.

పది రోజులు సెలవు ఇచ్చారు. శనివారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను. నేరుగా చెల్లి దగ్గరికి, ఆ రికార్డుల గదికి వస్తాను, నువ్వూ అక్కడికే రా. ముందు రికార్డు విందాం. మూడో పాటలో నువ్వు ఎక్కడ తొందరపడ్డావో నాకు చూపించాలి.

తర్వాత ఆ రోజు అడిగిందే మళ్ళీ అడుగుతాను. జవాబు చెల్లి రాసింది గానీ, నాకు నీ నోటితో కావాలి. నేను నీ ఎడమపక్కన కూర్చుంటాను. నువ్వు మొహం ఎటు తిప్పినా ఫర్వాలేదు. న దగ్గర ఎంతసేపు పట్టినా ఫర్వాలేదు. మాట పూర్తయ్యేదాకా ఈసారి లేవను.

నీ అబ్బాయి